గొంతుక్కూర్చున్న వరుస

కేసు కొట్టేశాక మా ఊరు ఎర్రబోరు వచ్చి చూసుకుంటే ఓటర్ల జాబితాలో నా పేరు లేదు. ఊళ్లో నా పేరు ఎప్పుడో పోయింది కనుక నేనేమీ ఆశ్చర్యపోలేదు. ఇక్కడ ఉండడం లేదని తీసేశారట. అదీ నిజమే. మూడేళ్లు జైల్లోనే ఉన్నాను.

జాబితా పని చూసే అంగన్‌వాడీ టీచరమ్మ ఫారం నింపుతుంటే భయంభయంగా అడిగాను.

"జైలు సంగతి ఏడ రాయాలె?"

"దానికి గడి లేదన్నా. లోపలున్నోళ్లకే ఓటు లేదు. నువ్వు బయటికొచ్చినవ్ గదా!"

జైలు గురించి అడగని సర్కారు కాగితం చూడడం, విడుదలయ్యాక నాకదే మొదలు.

తీరా అందరికీ ఓటరు చీటీలు వచ్చాయి, నాకు తప్ప. "పేరు ఎక్కే ఉంటది, పోయి చూడు" అంది టీచరమ్మ. ఆ 'ఉంటది'ని పట్టుకుని పోలింగు రోజు పొద్దున్నే బడికి వెళ్లి వరుసలో నిలబడ్డాను.

"లైన్ సే!" అని వరుస సరిచేస్తూ బందోబస్తు జవాను కేకేశాడు. నా మోకాళ్లు నన్నడక్కుండానే ముడుచుకున్నాయి. జైల్లో రెండు పూటలా గిన్తీకి, అంటే తలలు లెక్కపెట్టేటప్పుడు, అలాగే గొంతుక్కూర్చోవాలి. అక్కడ రోజూ లెక్కపెట్టేవారే గానీ, మమ్మల్ని లెక్కచేసినవారు లేరు. నన్ను చూసి, ఇదేదో కొత్త రూలనుకుని వెనకాయన కూర్చున్నాడు. ఆయన్ను చూసి వరుసంతా కూర్చుంది. జవానే కంగారుపడ్డాడు.

పక్కన ఆడవాళ్ల వరుసలోంచి మా మేనత్త అరిచింది.

"ఏందిరా, ఓటెయ్యనొచ్చినవా, బువ్వకు కూసున్నవా? లే!"

లేచాను. నాతోపాటు వరుసా లేచింది. పోటీ చేసినవాళ్లకు కూడా ఆ రోజు అంతమంది అనుచరులు ఉండి ఉండరు.

లోపల అధికారి నా ఆధార్ కార్డు చూసి జాబితాలో వెతికాడు. పేజీ తిప్పాడు. మళ్లీ తిప్పాడు. కొత్తగా చేర్చిన పేర్లు చివర ఉంటాయని నాకెవరూ చెప్పలేదు. ఆఖరి పేజీలో ఆయన వేలు ఆగింది. నా పేరు, మా నాన్న పేరు పైకి చదివాడు. జైల్లో అయితే ఆ తర్వాత సెక్షన్ నంబరు చదివేవారు. దానికోసం తలొంచుకుని నిలబడ్డాను. ఆయన ఇంకేమీ చదవలేదు. వేలు చాపమన్నాడు.

బయటికి వచ్చేసరికి అత్త ఇంకా వరుసలోనే ఉంది.

"దొరికిందారా?"

"దొరికిందత్తా. ఆఖరు పేజీల."

"అయితే ఇగ కూసో."

బడి అరుగు మీద కాళ్లు బారజాపుకుని కూర్చున్నాను.