అరచుట్టు వెనక్కి

ఆయన్ని వీధిలో అందరూ కోతలరాయుడు అనేవారు. గడ్డి కోసే మిషన్లు బాగుచేస్తాడని పెట్టిన పేరే గాని, మనిషి కోతలు కోసే రకం కాదు. రోజంతా మాట్లాడే నాలుగు మాటల్లో మూడు ఇంజన్లతోనే.

ఇంటి వెనక రేకుల షెడ్డు నిండా పాత మిషన్లే. పాత ఇనుము కొట్టువాడు పక్కన పెట్టి కబురు చేసినవి కొన్ని, యజమాని పోయాక పిల్లలు వదిలించుకున్నవి కొన్ని. మనిషి తోస్తే తిరిగే పాతకాలపువీ ఉండేవి, తాడు లాగితే అందుకునే పెట్రోలువీ ఉండేవి. ఒకదానికి చంటిపిల్లల తోపుడుబండి చక్రాలు, ఇంకొకదానికి సైకిల్ హ్యాండిలు, మరొకదానికి మందు కొట్టే పంపు ఇంజను తగిలించి, పోయిన ప్రాణం తిరిగి పోసేవాడు. ఈ ఇంట్లో కాళ్ళు చాపుకునే యోగం మిషన్లకే ఉందని భార్య సాధించేది. సాధిస్తూనే, ఆయన ఇంజన్ అందుకున్నప్పుడల్లా ఒక చెవి అటు వేసి ఉంచేది. వంటగదిలో బోర్లించిన స్టీలు గ్లాసులు సన్నగా మోగితే వేగం సరిగ్గా ఉన్నట్టు, ఒకదాన్నొకటి కొట్టుకుంటే ఎక్కువైనట్టు. ఈ విద్య ఆవిడకు ఎవరూ నేర్పలేదు, కాపురం చేస్తుంటే వచ్చింది.

వేగం పెట్టడంలో ఆయనదొక మొండిపట్టు. మీటరు ముట్టడు. ఇంజన్ జోరుగా తిరగనిచ్చి, కళ్ళు మూసుకుని విని, వేగానికి హద్దు పెట్టే చిన్న స్క్రూను తిప్పుతాడు. తర్వాత ఆ స్క్రూ తల మీద ఎర్రరంగు చుక్క పడాలి. చుక్క పడ్డాక ఇక దాన్ని ఆయన కూడా కదపడు. చుక్క పెట్టే పని పెళ్ళైన కొత్తలో సరదాకి ఆవిడకు అప్పగించాడు, అది అలాగే ఉండిపోయింది. ఆయన చేతుల మడ్డి కడుక్కోవడానికి వెళతాడు, ఈలోపు ఆవిడ అగ్గిపుల్ల రంగులో ముంచి చుక్క పెడుతుంది.

ఒక రోజు గ్లాసులు కొట్టుకున్నాయి. ఆవిడ తొంగి చూస్తే, ఆయన తల ఓ పక్కకి వంచి, ఇంజన్ మందంగా ఉందని గొణుక్కుంటూ వేగం ఇంకా పెంచుతున్నాడు. తర్వాతి మిషన్‌కీ అదే వరస. ఆ మధ్య ఫోను పక్కనే మోగుతున్నా ఎత్తకపోవడం, పిలిస్తే రెండోసారికి గాని పలక్కపోవడం గుర్తొచ్చి ఆవిడకు సంగతి అర్థమైంది. ఇంజన్ చేసే సన్నటి కూత ఆయన చెవికి అందడం మానేసింది. మిగిలిన మొద్దు చప్పుడు విని, తక్కువ తిరుగుతోందనుకుంటున్నాడు.

చెవుల డాక్టరు మాటెత్తితే, తనవి పాము చెవులన్నాడు. మళ్ళీ ఎత్తితే ఆ పూట భోజనం మానేశాడు. చెవినే నమ్ముకుని బతికిన మనిషికి చెవి పోయిందని చెప్పడానికి ఆవిడకు నోరు రాలేదు. అందుకని ఒక ఉపాయం పట్టింది. ఆయన కుళాయి దగ్గరుండగా కూరలు తరిగే చాకు మొనతో స్క్రూను అరచుట్టు వెనక్కి తిప్పి, అప్పుడు చుక్క పెట్టేది. పట్టుకెళ్ళినవాళ్ళు ఎవరూ తిరిగి రాలేదు, ఎవరూ వంక పెట్టలేదు. తన చేతికి ఎదురులేదని ఆయన మురిసిపోతుంటే ఆవిడ కూడా మురిసిపోయేది. ఆ మురిపెమే కొంప ముంచింది.

అక్కకి మోకాలి ఆపరేషనైతే ఆవిడ సాయం వెళ్ళాల్సి వచ్చింది. తాను వచ్చేదాకా ఏ మిషనూ ఎవరికీ ఇవ్వొద్దని మరీ మరీ చెప్పింది. ఎందుకని ఆయన అడిగితే, చుక్క పెట్టే హక్కు తనదని నవ్వేసింది. ఆయనా నవ్వాడు. అసలు సంగతి చెప్పడానికి గుమ్మం దాటే దాకా వ్యవధి ఉంది, ఆవిడ చెప్పలేదు.

ఆవిడ తమ్ముడు ఒక పెద్ద ఆసుపత్రిలో తోటమాలి. వానలకి గడ్డి మోకాళ్ళదాకా లేచింది, పైవాళ్ళు తొందర పెడుతున్నారు, మిషన్ కావాలని బావ దగ్గరికి వచ్చాడు. సొంత బావమరిదికి లేదంటాడా? వేగం పెట్టి, చుక్క తనే పెట్టుకుని ఇచ్చి పంపాడు. ఆ జోరుకి పాత బ్లేడు ఆగలేదు. తడిగడ్డిలో దాక్కున్న రాయి తగిలి విరిగింది, ముక్క బ్లేడు మీది రేకుని చీల్చుకుని వచ్చి తమ్ముడి కాలిలో దిగింది. రెండు వేళ్ళు తీసేశారు.

కబురందుకుని ఆవిడ తిరిగొచ్చేసరికి తమ్ముడు మంచం మీద కట్టుతో ఉన్నాడు. రాయి తగిలితే బావ మాత్రం ఏం చేస్తాడని తిరిగి ఆవిణ్ణే ఓదార్చాడు. తేలు కుట్టిన దొంగలా ఆవిడ కిక్కురుమనలేదు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చింది తానేనని, ఆ మంచం పక్కన కూర్చున్నంతసేపూ ఆవిడకు తెలుస్తూనే ఉంది.

ఆయన మాత్రం రాయి మీద తోసేసి ఊరుకోలేదు. నీటి పంపుల షాపు నుంచి వేగం కొలిచే మీటరు తెచ్చాడు. షెడ్డులో చుక్క పడిన ప్రతి మిషన్నీ బయటికి లాగి, స్టార్ట్ చేసి, కొలిచాడు. రెండు వరసలుగా నిలబెట్టి, ఆవిణ్ణి పిలిచాడు.

"ఇటువైపువి నువ్వు చుక్క పెట్టినవి. అన్నీ సరిగ్గా ఉన్నాయి. అటువైపువి నువ్వు లేనప్పుడు నేను పెట్టుకున్నవి. ఒక్కటీ సరిగ్గా లేదు."

ఆవిడ బుకాయించలేదు. "అరచుట్టు వెనక్కి తిప్పేదాన్ని," అంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళు దాటింది."

ఆయన మీటరు కింద పెట్టి షెడ్డు గుమ్మంలో కూర్చున్నాడు. చెబితే వినేవారా అని ఆవిడ ఏడుస్తూ అడిగింది. ఆ మాటా నిజమే.

"వినేవాణ్ణి కాదేమో," అన్నాడు. "తిట్టేవాణ్ణి కూడా. కానీ నాకు తెలిసుండేది. రెండేళ్ళుగా నేను ఇంజన్లు బాగుచేస్తున్నాననుకుంటున్నాను. నువ్వు నన్ను ఆడిస్తున్నావు."

ప్రేమతోనే చేశానని ఆవిడ అనబోయింది. తమ్ముడి కాలు కళ్ళ ముందు మెదిలి మానుకుంది.

మర్నాడు ఆయనే చొక్కా వేసుకుని చెవుల డాక్టరు దగ్గరికి పదమన్నాడు. చెవులకు గొట్టాలు పెట్టి పరీక్షలన్నీ చేశారు. డాక్టరమ్మది మెత్తటి గొంతు, ఆమె చెప్పేది ఆయనకు సగం కూడా అందలేదు. అలవాటు కొద్దీ భార్య వైపు తిరిగాడు.

పోయిన వినికిడి ఇక తిరిగి రాదని, ఇంజన్ల దగ్గర ఇలాగే కూర్చుంటే ఉన్నది కూడా పోతుందని, చెవికి మిషన్ పెట్టుకుంటే మనుషుల మాటలు కొంత వినపడతాయని డాక్టరమ్మ చెప్పింది. ఆవిడకు తియ్యగా మార్చి చెప్పాలని నాలుక కొసదాకా వచ్చింది. మింగేసింది. ఆయన చెవికి దగ్గరగా వంగి, ఒక్క ముక్క తగ్గించకుండా, ఒక్క ముక్క కలపకుండా ఉన్నదున్నట్టు చెప్పింది.

ఆయన చివరిదాకా శ్రద్ధగా విన్నాడు. తర్వాత బల్ల మీదున్న తెల్లకాగితం డాక్టరమ్మ ముందుకి జరిపాడు.

"మీరేం చెప్పారో రాసివ్వండమ్మా," అన్నాడు.

ఆమె రాసిచ్చింది. ఆయన నిదానంగా చదువుకున్నాడు. అందులో ఉన్నది ఆవిడ చెప్పిందే. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఆవిడ వైపు చూడకుండా లేచి నిలబడ్డాడు.