ఆవకాయ పెట్టిన పద్నాలుగు గుడ్లు

మా అమ్మాయికి చిట్టెలుకలా ఉండే హాంస్టర్ కొనిపెట్టినప్పటి నుంచి నెలకోసారి సింగపూర్ సెంగ్‌కాంగ్‌లో మా బ్లాక్ కింద ఉన్న పెంపుడు జంతువుల దుకాణానికి వెళ్ళి, దాని కింద పరిచే చెక్క చిత్రిక పొట్టు సంచి ఒకటి తెస్తుంటాను. ఇంటికొచ్చి ఆ సంచి మూతి కత్తిరించగానే వడ్రంగి పని జరుగుతున్న ఇంట్లో వచ్చే వాసన, పొడిగా, కొంచెం తియ్యగా, గుప్పుమంటుంది. మా అమ్మాయికి అది హాంస్టర్ వాసన. నాకు మాత్రం టాంపినీస్‌లో తొమ్మిదో అంతస్తు ఇల్లు, మా శీను బాబాయి, ఆవకాయ అని మేం పేరు పెట్టుకున్న పాము గుర్తొస్తాయి. వాటి వెనకే పక్కింటి విశాలాక్షి ఆంటీ గుర్తొచ్చి పళ్ళు వాటంతటవే బిగుసుకుంటాయి. పాములు పగబడతాయని మనవాళ్ళంతా అంటారు. దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, పాముకు నిన్న తిండి పెట్టిందెవరో కూడా గుర్తుండదు. పగబట్టింది నేను. ఇరవై రెండేళ్ళపాటు, ఒక్క రోజు కూడా సెలవు పెట్టకుండా.

ఇక్కడి ఫ్లాట్లలో ఇంటికొకటి చొప్పున బాంబ్ షెల్టర్ ఉంటుంది. మందపాటి కాంక్రీటు గోడలు, ఇనుప తలుపు, లోపల మంచం కూడా పట్టనంత చోటు. యుద్ధం వస్తే దాక్కోవడానికి కట్టారు, యుద్ధం రాలేదు కాబట్టి మనవాళ్ళు అందులో బియ్యం బస్తాలు, సూట్‌కేసులు, కొందరైతే దేవుళ్ళను కూడా పెట్టుకున్నారు. మా షెల్టర్‌లో ఎడమవైపు అరలు అమ్మవి, తెనాలి నుంచి వచ్చిన పచ్చడి జాడీలు, వడియాల డబ్బాలు, ఎండుమిరపకాయల సంచి. కుడివైపు అరలు శీను బాబాయివి. బాబాయి నాన్నకు తమ్ముడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చి మా ఇంట్లోనే ఒక గదిలో ఉండేవాడు. అతని అరల్లో గాలికి చిల్లులు పెట్టిన రెండు పెద్ద ప్లాస్టిక్ డబ్బాలు, వాటిలో చిత్రిక పొట్టు, పొట్టులో రెండు పాములు. ఈ దేశంలో పాముల్ని పెంచడం చట్టప్రకారం నేరం, ఆ సంగతి బాబాయికి బాగా తెలుసు. ఎక్కడి నుంచి తెచ్చాడో నాకు ఏనాడూ చెప్పలేదు. దుకాణంలో పొట్టు కొనేటప్పుడు మాత్రం, మా ఇంట్లో నాలుగు హాంస్టర్లున్నాయని నాచేత చెప్పించేవాడు.

ఆరెంజి రంగు ఒంటి మీద కారం ఎరుపు మచ్చలున్న ఆడది ఆవకాయ. నలుపూ ఎరుపూ రెండూ లేకుండా తెల్లగా పుట్టిన మగది మజ్జిగ. వీటిని మొక్కజొన్న పాములంటారని, అమెరికాలో మొక్కజొన్న కొట్టాల్లో ఎలుకల కోసం తిరిగేవని, విషం లేదని, తొలిరోజుల్లో పిల్లలు పొలాల్లో పట్టి తెచ్చి అద్దాల పెట్టెలో ఓ కర్రముక్క పడేసి ఉంచేవాళ్ళని బాబాయి నాకు కథలా చెప్పేవాడు. తర్వాత ఎవరికో నలుపు రంగు లేని పిల్ల ఒకటి దొరికిందట, దానికి పిల్లల్ని పుట్టించి, ఆ పిల్లలకు మళ్ళీ పుట్టించి, అలా రంగుకో వంశం తయారైందట. అద్దాల పెట్టెలు పోయి ప్లాస్టిక్ డబ్బాలొచ్చాయి, బతికున్న ఎలుకలు పోయి గడ్డకట్టించినవి వచ్చాయి. రంగు పిల్లల్లో దాక్కుని మనవల్లో బయటపడుతుందని, మా తాతయ్య సొట్టబుగ్గ నాన్నకు రాకుండా నాకు వచ్చినట్టేనని నా బుగ్గ గిల్లి చెప్పేవాడు. లెక్కల్లో నాకు సున్నాలు వచ్చే వయసులో, ఏ పాముకు ఏ రంగు మనవలు పుడతారో గళ్ళ కాగితం మీద గీసి చూపించేదాన్ని.

అమ్మకు ఇవేవీ పట్టేవి కావు. ఫ్రీజర్‌లో పచ్చిబఠాణీల కింద ఐస్‌క్రీం డబ్బా కనిపిస్తే, పాపం, ఐస్‌క్రీమే అనుకుని మూత తీసింది. లోపల వరసగా పడుకోబెట్టిన గులాబిరంగు పిల్ల ఎలుకలు. ఆ రోజు ఫ్రిజ్ మొత్తం ఖాళీ చేసి పసుపు నీళ్ళతో కడిగింది. బాబాయి వెళ్ళి చిన్న ఫ్రిజ్ ఒకటి కొని తన గదిలో పెట్టుకున్నాడు. "సారీ వదినా" అని నవ్వాడు. అతను నవ్వితే ఇంట్లో ఎవరూ ఏమీ అనలేకపోయేవాళ్ళు.

పాములు జత కట్టాలంటే ముందు చలికాలం గడవాలి. సింగపూర్‌లో చలికాలం ఎక్కడిది? బాబాయి డబ్బాలను తన గదిలోకి మార్చి, రెండు నెలలు ఏసీ ఆపకుండా నడిపి, స్వెటర్ వేసుకుని, దుప్పటి కప్పుకుని, తుమ్ముతూ వాటి పక్కన పడుకున్నాడు. ఆ తర్వాత ఆవకాయ లావెక్కి, ఒకరోజు తడి నాచు పరిచిన డబ్బాలో గుడ్లు పెట్టింది. పద్నాలుగు. కోడిగుడ్డులా గట్టిగా ఉండవవి, పొడుగ్గా, మెత్తగా, తోలు సంచుల్లా ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. ఇన్‌క్యుబేటర్ అక్కర్లేదు, సింగపూరే ఇన్‌క్యుబేటర్ అని బాబాయి పొంగిపోయాడు. పై వైపు ఏదో తెలియడానికి గుడ్డు గుడ్డుకూ పెన్సిల్‌తో చుక్క పెట్టాడు. "తిప్పితే లోపల పిల్ల చచ్చిపోద్ది బుజ్జీ, ముట్టుకోమాక" అన్నాడు. రెండు నెలలు ఆగితే పిల్లలొస్తాయి, అందులో ఒకటి నాది. నేను స్కూల్లో దానికి పేర్లు రాసుకుంటూ కూర్చునేదాన్ని.

స్కూలు నుంచి వచ్చాక అమ్మ చేపలు, కూరగాయలు అమ్మే తడి మార్కెట్‌కు వెళ్ళే రోజుల్లో నేను విశాలాక్షి ఆంటీ ఇంట్లో ఉండేదాన్ని. ఆవిడ మధ్యాహ్నం నిద్ర లేచి, కారిడార్‌లో కుండీలోని కరివేపాకు చెట్టుకు నీళ్ళు పోసి, దిబ్బరొట్టె వేసి పెట్టేది. అడుగున కరకరలాడే ఆ ఎర్రటి పొర రుచి, ఇంత కోపంలోనూ కాదనలేను. తిని, బ్లాక్ అడుగున గోడలు లేకుండా వదిలేసిన వాయిడ్ డెక్‌లో పిల్లలం అచ్చనగాయల్లాంటి ఫైవ్ స్టోన్స్ ఆడుకునేవాళ్ళం, వాన జల్లు కొట్టినా తడవని చోటది. ఒకరోజు నా పెన్సిల్ డబ్బాలో మడిచిపెట్టుకున్న ఆవకాయ కుబుసం ఆంటీ కంట పడింది. దాన్ని రెండు చేతులా తీసుకుని కళ్ళకద్దుకుంది.

"ఎక్కడిదే ఇది?" అంది. నేను చెప్పేశాను.

ఆంటీ కూతురికి పెళ్ళయి ఏడేళ్ళు, పిల్లలు లేరు. నాగదోషమన్నారు. నాగుల చవితికి పాలు పోద్దామంటే ఈ ఊళ్ళో పుట్ట లేదు, ఆవిడ ఏటా పళ్ళెంలో పిండి పాము చేసి పోసేది. అలాంటావిడకు గోడకు అవతల ప్రాణంతో ఉన్న పాము, అందులోనూ గుడ్లు పెట్టిన పాము ఉందని తెలిసింది. ఆవిడ బతిమాలితే, దూరం నుంచి చూసి దణ్ణం పెట్టుకోవడానికి బాబాయి ఒప్పుకున్నాడు, అదీ సాయంత్రం తను వచ్చాక.

ఆవిడ సాయంత్రం దాకా ఆగలేదు. అమ్మ కింద దుకాణం దాకా వెళ్ళింది, ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. తలంటు పోసుకుని, తడి జుట్టు ముడివేసుకుని, చలిమిడి, చిమ్మిలి, వడపప్పు, పాలగ్లాసు ఉన్న పళ్ళెంతో గుమ్మంలో నిలబడింది. "ఒక్క దణ్ణం పెట్టుకుని పోతానే తల్లీ" అంది. ఇనుప తలుపు తీసింది నేనే. గుడ్ల డబ్బా మూత తీసింది మాత్రం ఆవిడ. అంటుకున్న గుడ్లను ఒక్కొక్కటీ వలిచి, పసుపు నీళ్ళలో కడిగి, తుడిచి, అన్నివైపులా తిప్పి చూసి, కుంకుమ బొట్టు పెట్టి, తమలపాకుల మీద వరసగా పేర్చింది. పెన్సిల్ చుక్కలన్నీ కొట్టుకుపోయాయి. "తిప్పకూడదు ఆంటీ" అన్నాను, ఒక్కసారే అన్నాను, అదీ చిన్న గొంతుతో. "సామి గుడ్లే, వాటికేమవుద్ది" అంది.

వారానికల్లా గుడ్లు సొట్టలు పడ్డాయి. ఆపైన బూజు పట్టింది. బాబాయి రోజూ టార్చిలైటు పెట్టి చూసేవాడు, వెలుగులో ఎర్రటి నరాలు కనిపించాలి, ఒక్కదానిలోనూ కనిపించలేదు. పద్నాలుగూ కవర్లో పెట్టి, అన్ని అంతస్తుల చెత్తా కిందికి జారే చెత్త గొట్టంలో వేసొచ్చాడు. ఆంటీకి విషయం చెప్పాడు గానీ పల్లెత్తు మాట అనలేదు. నేను అన్నం మానేసి ఏడుస్తుంటే, "ఏడవమాకే, వచ్చే ఏడాది మళ్ళీ పెడుద్ది" అన్నాడు. నేను ఏడుపు ఆపి చప్పట్లు కొట్టాను.

వచ్చే ఏడాది రాలేదు. రెండు నెలలు తిరగకుండా ఇద్దరు అధికారులు వచ్చారు, పక్కింటి నుంచి ఫోన్ వచ్చిందన్నారు, తిన్నగా షెల్టర్ దగ్గరికి నడిచారు. ఆవకాయనూ మజ్జిగనూ గుడ్డ సంచుల్లో వేసుకుని తీసుకెళ్ళారు, ఏమయ్యాయో ఈనాటికీ తెలియదు. అన్నీ నావేనని బాబాయి ఒప్పుకున్నాడు. జరిమానా పడింది, ఆఫీసులో తెలిసింది, ఉద్యోగం పోయింది, దాంతో ఇక్కడ ఉండే హక్కూ పోయింది. ఎయిర్‌పోర్టులో అమ్మ అతని చేతిలో పులిహోర పొట్లం పెట్టి, నాకంటే ఎక్కువ ఏడ్చింది. బాబాయి తెనాలిలో మోటారు పంపుల షాపు పెట్టుకున్నాడు. ఆ తర్వాత కుక్కపిల్లను కూడా పెంచలేదు.

ఇక నేను మొదలుపెట్టాను. ఆంటీ కరివేపాకు కుండీలో ఉప్పునీళ్ళు పోశాను, చెట్టు చచ్చేదాకా పోశాను. ఆవిడ కునుకు తీసే వేళ చూసి బెల్లు కొట్టి పారిపోయాను. వాళ్ళమ్మాయికి ఆడపిల్ల పుట్టి, సామి ప్రసాదమని నాగశ్రీ అని పేరు పెడితే, బారసాలకు నేను రానని మంచం కోడు పట్టుకుని కూర్చున్నాను. నా పెళ్ళి పిలుపుల జాబితాలో ఆవిడ పేరు ఎర్ర ఇంకుతో కొట్టేశాను. ఇంట్లో ఎప్పుడు ఆవిడ మాటొచ్చినా నోటికొచ్చిన తిట్లు తిట్టాను. అమ్మ కూరగాయలు తరుగుతూ వినేది. "పోనీలేవే" అనేది.

ఇప్పుడు ఆ పాముల లోకమే మారిపోయింది. ఫోన్‌లో తల్లి రంగు, తండ్రి రంగు నొక్కితే ఏ పిల్ల ఎలా పుడుతుందో క్షణంలో చెబుతుంది, గళ్ళ కాగితాలు ఎవరికీ అక్కర్లేదు. పెంచుకోనిచ్చే దేశాల్లో వాళ్ళు గుడ్డు చీల్చుకుని ముక్కు బయటపెట్టే పిల్లల్ని వీడియోలు తీసి పెడతారు. నేను రోజూ చూస్తాను. చూసిన ప్రతిసారీ ఆంటీ మీద కోపం కొత్తగా పుడుతుంది.

ఆంటీ ఇప్పుడు బెడోక్‌లో కూతురి దగ్గర ఉంటోంది. ఏటా నాగుల చవితికి పిలుస్తుంది, అమ్మ వెళ్ళొస్తుంది, నేను వెళ్ళను. ఈ ఏడాది చవితి ఆదివారం పడింది. అందరి ముందూ ఆవిడ చేత ఒప్పించాలని, రైల్లో మాటలు కూడా సిద్ధం చేసుకుని, అమ్మతో పాటు వెళ్ళాను.

పూజయ్యాక పదిమందికి చిమ్మిలి పంచుతూ ఆంటీ కథ ఎత్తుకుంది. "మా నాగశ్రీని ఇచ్చింది ఆ సామే. తొమ్మిదో అంతస్తుకొచ్చి కనపడ్డాడు, పనయ్యాక మాయమైపోయాడు."

నేను పళ్ళెం కింద పెట్టాను. "మాయం కాలేదు ఆంటీ. ఫోన్ చేసి పట్టించారు. ఆ ఫోన్ ఎవరు చేశారో కూడా చెప్పండి."

నాగశ్రీ ఫోన్‌లోంచి తలెత్తింది. "వెయిట్, సీరియస్ ఆ, అమ్మమ్మా?"

ఆంటీ నా వైపు చూడలేదు, అమ్మ వైపు చూసింది. "చెప్పమంటావా రాజ్యం?" అంది. ఆంటీ నా వైపు తిరిగింది. "నేనే చేశానమ్మా. మీ అమ్మ చెయ్యమంటే చేశాను. అప్పటికే మా పిల్ల నీళ్ళోసుకుంది. మీ గుడ్లేమో నా చేతుల్లో పోయాయి. ఏ మొహం పెట్టుకుని కాదనను?"

సెంగ్‌కాంగ్ వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ అమ్మ అంది, "మళ్ళీ పెడుద్దన్నాడు మీ బాబాయి. నువ్వు చప్పట్లు కొట్టావు. మీ నాన్నకి చెబితే తమ్ముణ్ణి ఎట్టా పొమ్మంటానన్నాడు. పట్టుబడి ఆయన ఉద్యోగం, నీ స్కూలు, అన్నీ పోతే ఎక్కడికి పోయేవాళ్ళం? వాడి ఉద్యోగం పోద్దనుకోలేదే. పాముల్ని తీసుకుపోతారనుకున్నా, అంతే."

అవన్నీ నిజాలే. అయినా నా కోపం పిసరంతైనా తగ్గలేదు. ఇరవై రెండేళ్ళు నేను ఒక ముసలావిడను తిడుతుంటే ఈమె వంకాయలు తరిగింది. టాంపినీస్ ఇల్లు ఎప్పుడో అమ్మేశాం, ఆ షెల్టర్‌లో ఇప్పుడెవరో సైకిళ్ళు పెట్టుకున్నారట, నాన్న లేడు, దిబ్బరొట్టె వేసే ఓపిక ఆంటీకి లేదు. మిగిలింది బాబాయి ఆదివారం ఫోన్ ఒక్కటే. ప్రతిసారీ ముందు వదినను అడుగుతాడు. పెళ్ళిచూపులకు వెళ్ళినా, షాపు తెరిచినా మొదట ఆమెకే చెప్పాడు, అమ్మ తర్వాత అమ్మ అంటాడు.

నాలుగింటికి ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టి అమ్మ ముందు బల్ల మీద ఉంచాను.

"వదినా, భోంచేశారా?" అన్నాడు బాబాయి.

అమ్మ నా వైపు చూసింది. వద్దని తలూపింది. "చెప్పు" అన్నాను.

"ఏం చెప్పాలి వదినా?" అన్నాడు బాబాయి నవ్వుతూ.

అమ్మ లేచి వెళ్ళిపోకుండా నేను వెళ్ళి గది తలుపు మూసి, వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాను.