మాగే బుట్టలో కోడిపిల్ల

ఒక బుట్ట మామిడిపళ్ళతో వియ్యాలవారికి శత్రువు కావడం ఎలాగో మీలో ఎవరికైనా తెలియకపోతే నన్ను అడగండి. పళ్ళు పుల్లగా ఉండనక్కర్లేదు, కుళ్ళనక్కర్లేదు. తేనెలాంటి రసాలతోనే నేనా పని సాధించాను. తారీఖు, వారం, ఆటో బయల్దేరిన గంట కూడా చెప్పగలను గాని, "పరువు పోయిన వేళకు ముహూర్తం ఎందుకే" అని మావారు ఆపుతున్నారు.

నా పేరు కరుణమ్మ. ఈ కథలో ఆ పేరు ఎంత అతికిందో చివరికి మీరే చెబుదురుగాని. లెక్కల టీచరుగా రిటైరయ్యాను. నూజివీడు శివార్లలో మాకు కాస్త మామిడితోట, ఆ చెట్ల కింద నాలుగు కోళ్ళు ఉన్నాయి. ఏరడంలో నన్ను మించినవాళ్ళు లేరని అప్పట్లో నా నమ్మకం. కాయ చేతిలో పడితే చాలు, ఇది మార్కెట్టుకు, ఇది ఇంటికి, ఈ మచ్చకాయ పక్కకు అని తేల్చేసేదాన్ని. మావారి చొక్కాలు, మా చుట్టాలు కూడా ఈ ఏరివేతను తప్పించుకోలేదు.

ఆ వేసవిలో మా ఎర్రపెట్ట పిల్లలు చేసింది. అన్నిటికన్నా ఆఖర్న గుడ్డు పగలగొట్టుకుని వచ్చినదాన్ని వంగి చూశాను. రెండు కాళ్ళూ చెరో పక్కకు జారిపోయి, పూర్తిగా తెరిచిన కంపాసులా నేలమీద పరుచుకుని ఉంది. లేవబోతుంది, మళ్ళీ పరుచుకుంటుంది.

"ఇది పనికిరాదు," అన్నాను.

"పుట్టి పూట కాలేదు. అప్పుడే రిజల్టు ఇచ్చేశావా?" అన్నారు మావారు.

"నిలబడలేనిది గింజ ఎలా ఏరుకుంటుందండీ? మిగతావి తొక్కేస్తాయి. తిండి దండగ."

"దాని తిండి ఎంతే? నువ్వు చాటలోంచి ఊదేసే నూకంత."

"ఎంతని కాదు. మచ్చకాయను మంచికాయల్లో ఉంచుతామా?"

"మచ్చకాయ నా మొహంలోకి చూడదు. ఇది చూస్తోంది."

కుందేలుకు మూడే కాళ్ళన్నవాడైనా ఉన్న నాలుగులో ఒకటే తగ్గించాడు. నేను పట్టిన కోడిపిల్లకు రెండూ లేవని తీర్మానించాను. కాని మావారు అన్నం మాని కూర్చునే రకం. అందుకని గడువు పెట్టాను. అదే రోజు రెండు బుట్టల్లో వరిగడ్డి వేసి రసాలు మాగేశాను. ఒకటి ఇంటికి, ఒకటి విస్సన్నపేటలో మా అమ్మాయి అత్తగారికి. ఏటా తొలి బుట్ట ఆవిడకే వెళ్ళాలి.

"ఈ కాయలు మాగేలోపు అది నిలబడాలి. లేకపోతే ఇక నన్ను అడగొద్దు," అన్నాను.

మావారు వెంటనే గుడ్డపీలిక తెచ్చి దాని కాళ్ళు దగ్గరికి కట్టారు. ఆ కట్టు చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఒక కాలు బిగుతు, ఒక కాలు వదులు. పనికిరాని పిల్లకైనా సరే, కట్టు మాత్రం సమంగా ఉండాలి గదా. దాని అన్నను పట్టుకుని కాళ్ళ మధ్య ఎడం చూసి, అంతే ఎడంతో నేనే మళ్ళీ కట్టాను. తర్వాత బెల్లం నీళ్ళు చుక్కచుక్కగా తాగించింది కూడా నేనే. ఇదంతా దయ అనుకోకండి. మావారైతే ఒలకబోస్తారని.

కాయలు మెత్తబడుతున్న రోజున గాలివాన వచ్చి కరెంటు పోయింది. పిల్లకు వెచ్చగా పెట్టిన బల్బు ఆరిపోయింది. తల్లి కిందకు తోస్తే మిగతావి నిజంగానే తొక్కేస్తున్నాయి. అది వణుకుతోంది. అప్పుడు నా మహా బుర్ర పనిచేసింది. మాగే బుట్టలో చెయ్యి పెట్టినవాళ్ళకు తెలుసు, లోపల జ్వరం వచ్చిన పిల్లాడి నుదురులా ఉంటుంది. మా ఇంటి బుట్టలో పళ్ళపైన గడ్డి గుంటచేసి దాన్ని పడుకోబెట్టి, పైన పల్చటి గోనె కప్పాను. చీకటి పడిందనుకుని అది నోరు మూసుకుంది.

మర్నాడు పొద్దున్నే విస్సన్నపేట వెళ్ళే ఆటో వచ్చి హారన్ కొట్టింది.

"గోనె ఎత్తి ఒకసారి చూసి ఇవ్వవే," అన్నారు మావారు.

"నా చెయ్యే కాటా అండీ," అని, హారన్ తొందరలో పిల్ల సంగతే మరిచి, బుట్టలు రెండూ ఎత్తి చూసి, బరువైనది వాళ్ళకని ఎక్కించాను.

మధ్యాహ్నం ఫోను మోగింది. మా వియ్యపురాలు రత్నమ్మగారు. ఆవిడ మోకాళ్ళ ఆపరేషన్ అయి మంచం దిగనని మొండికేసి ఉన్నారు.

"వదినగారూ, బుట్ట అందిందండీ. పళ్ళు బాగున్నాయి."

"సంతోషమండీ."

"పైన పెట్టిందే అర్థం కాలేదు. కాళ్ళకు కట్టుతో ఒక కోడిపిల్ల ఉంది. నాకూ కాళ్ళకు కట్టే ఉంది. తోడుగా ఉంటుందని పంపారా, నవ్వుకుందామని పంపారా?"

నేను మా ఇంటి బుట్ట గోనె ఎత్తాను. పళ్ళే ఉన్నాయి. మావారు ఎదురుగా నిలబడి, నోటిమీద వేలు పెట్టుకుని, క్షమించమని చెప్పి ఊరుకోమని సైగ చేస్తున్నారు. ఊరుకుంటే నేను లెక్కల టీచరును ఎలా అవుతాను? వివరణ ఇచ్చాను.

"అయ్యో, మీకని కాదండీ. అది పనికిరాదని పక్కన పెట్టింది."

"పనికిరానిది మా ఇంటికి వచ్చిందన్నమాట."

"అలా కాదండీ. నేనసలు సాకొద్దనే అన్నాను. కాళ్ళు లేనిదానికి తిండి దండగ గదా అని..."

మావారు రెండు చేతులతో తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డారు.

"నన్ను మా కోడలు సాకుతోంది వదినగారూ," అన్నారు ఆవిడ నెమ్మదిగా. "పొద్దున్నే పట్టుకుని లేపుతుంది. అన్నం కలిపి పెడుతుంది. మీ అమ్మాయే."

ఫోను పెట్టేశారు.

నేను పెంచిన పిల్ల చేస్తున్న పని, నేను దండగని తేల్చిన పని ఒకటే. ఈ లెక్క తప్పడానికి దారే లేదు. చెడపకురా చెడేవు అన్నారు పెద్దలు. ఏరకురా, నిన్నూ ఏరి పక్కన పెడతారు అని నేను కలుపుతున్నాను.

రెండో బుట్ట తీసుకుని బస్సెక్కాం. దారంతా మావారు ఒకే మాట అన్నారు, "అక్కడ వివరణ ఇవ్వకు."

వెళ్ళేసరికి రత్నమ్మగారు వరండాలో వాకరు పట్టుకుని నడుస్తున్నారు. వెనకాల, కట్టు కాళ్ళతో గెంతుతూ అది. నిలబడింది. నా గడువులోపలే నిలబడింది. ఆవిడ ఆగితే అది కీచుమంటోంది, ఆవిడ తిట్టుకుంటూ మళ్ళీ అడుగేస్తున్నారు.

"చూశావా అమ్మా," అంది మా అమ్మాయి. "డాక్టరు చెప్పినా దిగలేదు, నేను బతిమాలినా దిగలేదు. ఇది గుమ్మం దగ్గర జారిపోతుంటే, పట్టుకుందామని తనే దిగారు."

వివరణ ఇవ్వలేదు. "తప్పయిపోయింది వదినగారూ," అన్నాను. "దాన్ని తీసుకెళ్తాను."

"పక్కన పెట్టినదాన్ని మళ్ళీ లెక్కలో వేసుకుంటారా? కుదరదండీ," అన్నారు ఆవిడ. అన్నాక నవ్వారు. పళ్ళు మాత్రం దించుకున్నారు.

దానికి కరుణమ్మ అని నా పేరే పెట్టారు. పుంజని తేలాక కూడా మార్చలేదు. ఇప్పుడది ఊళ్ళో ఎవరినీ ఏమీ అనదు. నేను ఆటో దిగితే మాత్రం మెడ రిక్కించి, పనికిరావన్న ఆ కాళ్ళతోనే నన్ను వీధి చివరిదాకా తరుముతుంది. వాకరు ఏనాడో అవతల పారేసిన రత్నమ్మగారు గేటు పట్టుకుని, మావారు చెప్పేసిన మాటతో, "చూసుకోండి వదినగారూ, మచ్చకాయ వస్తోంది," అని అరుస్తారు.

అందుచేత పాఠకులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ప్రాణమున్న దేన్నీ ఇక కాయలా ఏరను. ఏ బుట్టనూ చేత్తో తూచి పంపను. ఇప్పుడు ఆటో వచ్చి హారన్ కొట్టినా సరే, వంగి ప్రతి బుట్టకూ చెవి ఆనించి వింటాను.

"పళ్ళు మాట్లాడతాయా టీచరుగారూ?" అంటాడు ఆటో అతను.

మాట్లాడవు. అలా అని తేలాకే పంపుతాను.