ముందు సీట్లో పెద్దబాపు

ముప్పై ఏళ్లు బస్సు నడిపి దిగిపోయిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని బండి నడపడం ఎంత గోసో నాకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. రెండేళ్లు నడిపాను. ఆ రెండేళ్లలో ఆయన్ని తిట్టుకోని నెల లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. మేడ్చల్‌లో నేను బడిపిల్లల వ్యాను నడిపేదాన్ని. పొద్దున పిల్లలను దించితే మళ్లీ సాయంత్రం బడి వదిలేదాకా బండికీ పని లేదు, నాకూ పని లేదు. అలాంటప్పుడు శామీర్‌పేట నుంచి ఒక ముస్లిం కుటుంబం కబురు పెట్టింది. వాళ్లింట్లో దాదీకి, అంటే నానమ్మకు, పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. వారానికి రెండుసార్లు అల్వాల్ తీసుకెళ్లి చేతికీ కాలికీ వ్యాయామం చేయించాలి. ఇంట్లో మగవాళ్లు పొద్దున్నే పనులకు పోతారు.

"బండిదేముందక్కా, ఆటో అయినా దొరుకుతది. మాకు తోడు గావాలె," అంది ఆ ఇంటి కోడలు.

ఆ ఒక్క మాటతో నేను ఇంకో పనిలో ఇరుక్కున్నాను. ఆరు నెలలు తిరిగేసరికి మేడ్చల్‌లోనూ శామీర్‌పేటలోనూ కాలు సాగని, చూపు ఆనని ముసలివాళ్లందరికీ నేనే తోడు. బండి నడపడం ఆ పనిలో పావు వంతు కూడా కాదు. మెట్లెక్కించాలి, చిట్టీ రాయించాలి, వరసలో నిలబడాలి, చెప్పులు కాపలా కాయాలి. డాక్టరు అడిగిన దానికి వాళ్ల తరఫున జవాబు చెప్పాలి, డాక్టరు చెప్పింది ఇంటికి మోసుకొచ్చి అప్పజెప్పాలి. ఒకాయన సగం దారిలో కట్టుడు పళ్లు మరిచిపోయానని బండి వెనక్కి తిప్పించాడు. ఒకామె ఆస్పత్రికని బయలుదేరి, దారిలోనే కదా అని చెల్లెలి ఇంట్లో దిగి, అన్నం తింటే గానీ లేవలేదు. నేను గడప దగ్గర నిలబడి గడియారం చూసుకుంటూ పళ్లు నూరుకున్నాను.

వాళ్లందరూ ఒక ఎత్తు, పెద్దబాపు ఒక్కడూ ఒక ఎత్తు.

మా పక్క గల్లీలోనే ఆయన ఇల్లు. చుట్టరికం ఏమీ లేదు, గల్లీలో అందరూ అలాగే పిలుస్తారు కాబట్టి నేనూ పెద్దబాపు అన్నాను. మేడ్చల్ నుంచి సికింద్రాబాదుకు ముప్పై ఏళ్లు సర్కారు బస్సు నడిపాడు. నౌకరీ దిగిపోయాక, కంట్లో ఒత్తిడి పెరిగే నీటికాసుల జబ్బు పట్టుకుని కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమకన్ను మిగిలింది. నెలనెలా సికింద్రాబాదులో కంటి డాక్టరుకు చూపించాలి. ఆయన భార్య మోకాళ్ల నొప్పులతో గడప దాటలేదు. అందుకని నేను.

మొదటిరోజే డాక్టరు నన్ను పిలిచి చెప్పాడు. "అమ్మా, ఈ ఎడమకన్ను చూపు తగ్గుతున్నట్టు ఏ కొంచెం అనిపించినా వెంటనే తీసుకురండి. ఆపరేషన్ చేసి ఉన్నది నిలబెట్టొచ్చు. పోయింది మాత్రం తిరిగి రాదు. ఆయన చెప్పకపోవచ్చు, మీరు కనిపెట్టాలి."

నేను పెద్ద బాధ్యత నెత్తికెత్తుకున్నదానిలా తల ఊపాను.

ఇంక ఆయన సంగతి. తొమ్మిదింటికి బయలుదేరుదామంటే ఎనిమిదికే మా గుమ్మం ముందు ఉండేవాడు, ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా వేసుకుని. ముందు సీట్లో ఎక్కి, రెండు చేతులూ బండి ముందు భాగానికి ఆనించి కళ్లకద్దుకునేవాడు. అంతవరకు బాగానే ఉండేది. తాళం తిప్పానో లేదో మొదలయ్యేది.

"క్లచ్చి మీదికెల్లి కాలు దియ్యి."

"తీసిన పెద్దబాపూ."

"సగమే దీసినవ్. బండి మొత్తుకుంటాంది, ఇనవడ్తలేదా?"

నాకు వినపడేది కాదు. ఆయనకు వినపడేది. ఏ గేరులో ఉన్నానో చప్పుడును బట్టి చెప్పేవాడు. పక్క సీటు కింద ఏ బ్రేకూ లేకపోయినా కుడికాలు నొక్కిపట్టి కూర్చునేవాడు. పాత బస్సు స్టాపులు వచ్చినచోటల్లా "జెర స్లో చెయ్యి" అనేవాడు, ఎవరూ ఎక్కేది లేకపోయినా. కండ్లకోయ దాటాక రైసుమిల్లు దగ్గర "లారీలు అడ్డంగ నిలవెడ్తరు, మెల్లగ పోనియ్యి" అనడం మటుకు ఒక్కసారి కూడా మరిచిపోలేదు. ఇరవై మంది పిల్లల అల్లరి భరించి వచ్చినదాన్ని, ఈ ఒక్క ముసలాయన్ని భరించలేకపోయేదాన్ని.

ఒకసారి తిరుగుదారిలో పేట్ బషీరాబాద్ దగ్గర ఉన్నట్టుండి "బ్రేక్! బ్రేక్!" అని అరిచాడు. నేను అదిరిపడి తొక్కాను. ముందు ఏమీ లేదు. రోడ్డు పక్క దుకాణం నీడ అడ్డంగా పడి ఉంది, అంతే. వెనకాల లారీ చక్రాలు కీచుమని రాసుకుని, మా బండికి జానెడు దూరంలో ఆగింది. లారీ డ్రైవరు దిగి మా ఇద్దరినీ కలిపి నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ భయమంతా పెద్దబాపు మీద కోపమైపోయింది.

"కండ్లు మంచిగ కనవడితెనే ముందట గూసోని జెప్పు! కనవడకపోతె ఎనుక సీట్ల నోరు మూసుకోని గూసో!"

ఆ తర్వాత ఒక్క గేరు కూడా చెప్పలేదు ఆయన. ఆ రోజు మేడ్చల్ దాకా తన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. నాకు ప్రాణం హాయిగా అనిపించింది. అనిపించిందనే చెప్తున్నాను, దాచడం దేనికి.

మళ్లీ నెలకు యథాప్రకారం ముందు సీట్లోనే ఎక్కాడు. కాకపోతే ఇప్పుడు ఇంకా ఎక్కువ చెప్పడం మొదలుపెట్టాడు. మలుపులు, గుంతలు చాలవన్నట్టు, "అగో, కొంపల్లి స్టాపుల మంది మస్తున్నరు", "మిల్లు కాడ రెండు లారీలే ఉన్నయి ఇయ్యాల" అని ఒక్కొక్కటీ వర్ణించేవాడు. చూపున్నదని నాకు రుజువు చేస్తున్నాడు, మొండి మనిషి అనుకున్నాను. నేను అటు తిరిగి చూసేదాన్ని కూడా కాదు. స్టాపులో మంది ఎప్పుడూ ఉంటారు, మిల్లు దగ్గర లారీలూ ఎప్పుడూ ఉంటాయి.

ఆస్పత్రిలో గోడకు అక్షరాల పలక ఉండేది. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టగానే పై వరస నుంచి కింది వరస దాకా గడగడా చదివేవాడు. లైట్లు వెలిగే మిషను ముందు కూర్చుని, వెలిగింది కనబడినప్పుడల్లా గంట నొక్కే పరీక్ష ఒకటుంది. అదొస్తే మాత్రం నడుం నొప్పి అనేవాడు, వచ్చే నెల చూద్దామనేవాడు. డాక్టరు నా వైపు తిరిగి అడిగేవాడు. "దారిలో, ఇంట్లో ఎట్లా ఉంటున్నాడమ్మా? తేడా ఏమైనా కనిపెట్టారా?"

"తేడానా సార్!" అనేదాన్ని నేను. "మేడ్చల్ నుంచి ఇక్కడి దాకా దారంతా ఆయనే చెప్తడు. నాకంటే ఎక్కువ కనవడ్తది ఆయనకు. నా ప్రాణం తీస్తున్నడు."

డాక్టరు నవ్వేవాడు. సరే, మిషను పరీక్ష వచ్చే నెల చేద్దాం అనేవాడు. ఇట్లా నాలుగుసార్లు జరిగింది.

లారీ గుద్దబోయిన రోజు నుంచి లెక్కేస్తే అయిదో నెలలో, ఎప్పటిలాగే బయలుదేరాం. అప్పటికి రోడ్డు వెడల్పు చేసే పనులు మొదలయ్యాయి. కండ్లకోయ దాటాం. పెద్దబాపు సర్దుకుని కూర్చున్నాడు.

"మిల్లు కాడ ఇయ్యాల మూడు లారీలు నిలవెట్టిండ్రు. మెల్లగ పో."

నేను చూశాను. లారీలు లేవు. మిల్లే లేదు. గేటు, గొట్టం, ప్రహరీ అన్నీ కూల్చి నేల చదును చేసి, ప్లాట్లకని తెల్లరాళ్లు పాతేశారు. అది జరిగి కూడా పది రోజులైందట. ఆ పది రోజుల్లో నేను అటు రాలేదు కాబట్టి నాకూ అప్పుడే తెలిసింది.

బండి పక్కకు ఆపాను. ఎందుకు ఆపావని ఆయన అడిగాడు. నేను నా చెయ్యి ఆయన మొహం ముందు పెట్టాను, మూడు వేళ్లు చాచి.

"పెద్దబాపూ, ఎన్ని ఏళ్లు?"

ఆయన రోడ్డు వైపే చూస్తున్నాడు. చెయ్యి ఇంకా దగ్గరికి తీసుకెళ్లాను. రెప్ప కొట్టలేదు.

"నీ చెయ్యి ముందటనే ఉన్నదా బిడ్డా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. భయం కూడా వేసింది, అయినా ముందు కోపమే బయటికొచ్చింది. "ఎప్పటిసంది? అక్షరాలు ఎట్ల సదివినవ్ మరి? నన్ను పిచ్చిదాన్ని జేసినవా?"

ఆయన మెల్లగా చెప్పాడు, తప్పు చేసిన పిల్లాడిలా కూడా కాదు, ఏదో దారి చెప్పినట్టు. గది బయట బల్ల మీద కూర్చుంటే లోపల ముందువాళ్లు చదివే వరసలు వినపడతాయి. నెలనెలా అవే అక్షరాలు. "డిపోల గూడ గంతే బిడ్డా. ఏడాదికి ఒకపారి కండ్ల పరీక్ష జేస్తుండె. చూపు మందగించినోళ్లు లైన్ల నిలవడి, ముందటోళ్లు సదివేది ఇని బట్టీ పడుదురు. లేకుంటె స్టీరింగు మీదికెల్లి దించుతరు గద." ఇక రోడ్డంటారా, ముప్పై ఏళ్లు నడిపిన రోడ్డు. ఒక్కొక్క గుంతా నడుముకు తెలుసు.

"డాక్టరుకు జెప్పాలె గద! నాకన్న జెప్పాలె గద!"

"నీకెట్ల జెప్తు? కండ్లుంటెనే ముందట గూసోమన్నవు నువ్వే. ఎనుక గూసుంటె నేను ప్యాసింజర్నైత."

ఆ మాట నేను ఎప్పుడు అన్నానా అని ఒక్క క్షణం వెతుక్కున్నాను. నిజంగానే గుర్తు లేదు. తర్వాత లారీ చక్రాల కీచు గుర్తుకొచ్చింది, దాని వెంబడే నా నోట్లోంచి వచ్చిన మాటా గుర్తుకొచ్చింది. అప్పటికి ఆయన కన్ను మసకబారడం మొదలైందేమో, అందుకే నీడను చూసి అడ్డమనుకున్నాడేమో. అది కనిపెట్టవలసిన మనిషిని నేనే. కనిపెట్టకపోగా నోరు మూయించాను.

ఆ మిగతా దారి ఎట్లా నడిపానో తెలియదు. ఆస్పత్రిలో ఆ రోజు మిషను ముందు కూర్చోబెట్టారు, లైట్లు వేశారు. నడుం నొప్పి అనలేదు ఆయన. ఏ లైటు వెలిగినా గంట నొక్కలేదు. డాక్టరు టార్చి పెట్టి చాలాసేపు చూశాడు. చూపు పోయిందనే అనుకోవాలి, ఇప్పుడు ఆపరేషన్ చేసినా నొప్పి రాకుండా చూసుకోవడానికే గానీ చూపు కోసం కాదు అన్నాడు. ఎప్పటి నుంచి అని అడిగితే, నాలుగు నెలలని పెద్దబాపే చెప్పాడు.

డాక్టరు చిట్టీలు ఒక్కొక్కటీ వెనక్కి తిప్పి చూసి, నా వైపు తిరిగాడు.

"మీరు ప్రతిసారీ బాగా చూస్తున్నాడనే చెప్పారు కదమ్మా."

చెప్పాను. నవ్వుతూ చెప్పాను. ఆ చిట్టీల మీద నా మాట ఎక్కడా రాసి లేదు గానీ, మిషను పరీక్ష వాయిదా వేసింది ఆ మాట వల్లనే. తోడు వచ్చినదాన్ని, ఇంతకంటే నేను చేయగలిగిన చెరుపు ఏముంటుంది? డాక్టరుకు ఆ రోజు అన్నీ చెప్పేశాను, ముందు సీటు సంగతితో సహా. ఆయన విని, చిట్టీ మీద తేదీ వేసి నా చేతికిచ్చాడు. తిడితే బాగుండేది.

బయటికొచ్చి నేను అలవాటుగా ముందు తలుపు తీసి పట్టుకున్నాను. పెద్దబాపు నా చెయ్యి వదిలి, బండి పక్కన రేకును తడుముకుంటూ వెనక్కి నడిచాడు. జారుడు తలుపు పిడి దొరకబుచ్చుకుని తనే లాగాడు.

"ముందటికి రా పెద్దబాపూ," అన్నాను.

"గీడనే మంచిగున్నది బిడ్డా. పోనియ్యి."

బతిమాలాను. రాలేదు. బడిపిల్లలు కూర్చునే ఆ సన్నటి బల్ల మీద, మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. ఎక్కేటప్పుడు దేన్నీ కళ్లకద్దుకోలేదు.

సుచిత్ర దాటాక కావాలనే క్లచ్చి మీద సగం కాలు ఉంచాను. కొంపల్లి ఎత్తు ఎక్కేటప్పుడు గేరు దించలేదు. బండి దగ్గింది, గుంజలేక వణికింది, వాసన కూడా వచ్చింది. ఆ చప్పుడు నాకే వినపడింది, ఆయనకు వినపడకుండా ఉంటుందా. అద్దంలో చూశాను. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

రెండేళ్లుగా ఆయన నోరు మూసుకుని కూర్చోవాలనే నేను కోరుకున్నాను. మేడ్చల్ వచ్చేదాకా ఆయన అట్లాగే కూర్చున్నాడు.