మైనరుగారి పథ్యం

ఆ రోజుల్లో మా మార్కాపురం వైపు కుక్కకు కడుపు ఉంటుందని అందరికీ తెలుసుగాని, ఆ కడుపుకు ఇష్టాయిష్టాలు ఉంటాయని ఎవరికీ తెలియదు. మనుషులమే పొద్దున జొన్నరొట్టె, రాత్రి జొన్నసంగటి తిని, మధ్యలో ఏదన్నా దొరికితే అదృష్టమనుకునేవాళ్లం. మేం వదిలింది తిని కుక్కలు మాకంటే పుష్టిగా ఉండేవి. అజీర్తి, పథ్యం లాంటివి నాలుగు రాళ్లు వెనకేసుకున్నవాళ్లకు దక్కే మర్యాదలు. అలాంటి కాలంలో నేను స్కూలు ఫైనలు ఎలాగో గట్టెక్కి, యర్రగొండపాలెంలో మా నాయన అంగట్లో పప్పులు తూచడం నామోషీ అనిపించి, మార్కాపురంలో ఒక ప్లీడరు దగ్గర గుమాస్తాగా చేరాను. చట్టాన్ని నలిపి పిండి చేద్దామన్న ఉత్సాహంతో వెళ్లిన నాకు అప్పగించిన మొదటి పని, ఒక కుక్క ఏం తింటే దానికి అరుగుతుందో కనిపెట్టడం.

ఆ ప్లీడరు మా నాయనకు వరసకు బావమరిది, అంటే నాకు మామ. మద్రాసులో లా చదివి వచ్చినవాడు. ఎప్పుడో ఒక మైనరు పిల్లవాడి ఆస్తి దావా గెలిపిస్తే, ఆ పిల్లవాడి తాత సంతోషం పట్టలేక తన ఇంట్లో పుట్టిన కుక్కపిల్లను తెచ్చి మామ ఒళ్లో పెట్టాడట. మామ దానికి మైనరు అని పేరుపెట్టి, తనను తానే గార్డియనుగా నియమించుకున్నాడు. నేను వెళ్లేనాటికి అది ఏపుగా ఎదిగిన గోధుమరంగు మగకుక్క. (వయసు వచ్చినా దాని మైనారిటీ మాత్రం తీరలేదు. ఆస్తి అప్పగించాల్సి వస్తుందేమోనని మామ భయం కాబోలు.) చూడటానికి చిరుతను తరిమేలా ఉండేది. కడుపు మాత్రం పసిపిల్ల కడుపు. పాలు పోస్తే అరుగు కింద, నెయ్యన్నం పెడితే దొడ్డి గుమ్మంలో, పప్పన్నం పెడితే ఏకంగా కక్షిదారులు కూర్చునే చాప మీద ఫలితం కనిపించేది. మామ దాని పక్కన గొంతుక్కూర్చుని వీపు నిమిరేవాడు. అత్త పేడనీళ్లు తెచ్చి అలికేది. "మీ మైనరు మైనరుగానే ఉండి నన్ను ముసలిదాన్ని చేస్తుంది" అనేది.

మైనరు కడుపు బాగుంటే మామ మనసు బాగుండేది. మామ మనసు బాగుంటే కోర్టులో ఆయన వాదం బ్రహ్మాండంగా ఉండేది. బ్రహ్మాండం అని ఊరికే అనలేదు. చేను గట్టు తగాదా అయినా భూమి పుట్టుక దగ్గర ఎత్తుకునేవాడు. గట్టు దగ్గరికి వచ్చేసరికి పంకా లాగేవాడు గోడకు జారగిలబడి గురక పెట్టేవాడు. మామ కేసులు గెలిచినవీ ఉన్నాయి, ఓడినవీ ఉన్నాయి. కానీ అంతసేపు నిలబడి మాట్లాడగలిగిన ప్లీడరు గిద్దలూరు దాకా లేడని ఊరంతా ఒప్పుకునేది. అందుకే కోర్టు వాయిదాకు వచ్చిన కక్షిదారులు ముందుగా నన్ను పక్కకు పిలిచి, "అబ్బాయ్, ఈ పొద్దు మైనరుగారికి ఎట్ల ఉంది" అని అడిగేవాళ్లు.

నేను చేరిన మర్నాడే మామ నన్ను కూర్చోబెట్టి ఉపదేశం చేశాడు.

"చూడు అల్లుడూ, నలుగురు సాక్షుల్ని ఒకేసారి నిలబెడితే ఎవడు అబద్ధమాడినాడో తెలీదు. ఒక్కొక్కణ్ణే పిలిచి అడగాల. తిండి కూడా అంతే. ఒకటే పెట్టు. కొన్నాళ్లు చూడు. దోషం లేదంటేనే ఇంకొకటి కలుపు."

మామ ఇంగ్లీషు చదువు పనికొచ్చిన సందర్భాలు నేను చూసినవి కొన్నే. ఇది వాటిలో ఒకటి. అలా విచారణ మొదలైంది. పాలు మొదటి రోజే నేరం ఒప్పుకున్నాయి. పెరుగన్నం రెండు పూటలు పెద్దమనిషిలా నటించి మూడోపూట దొరికిపోయింది. జొన్నసంగటిని మైనరు వాసన చూసి, నా వంక చూసి, నువ్వే తిను అన్నట్టు పక్కకు తిరిగింది. ఎవరో చెప్పారని స్టేషను దగ్గర హోటలు నుంచి డబల్ రొట్టె తెప్పించాం. అరిగింది. కానీ కుక్క చిక్కిపోయింది. రొట్టెలో సగం నేను తింటున్నానని అత్త అనుమానపడింది. (సగం కాదు, ఆ మాత్రం న్యాయం నాకూ తెలుసు.) చివరికి మెతుకు తెలియకుండా జావలా ఉడికిన అన్నం ఒక్కటే నిర్దోషి అని తేలింది. అయితే ఆ అన్నంతో పాటు ఏదో బలమైనది లేకపోతే అది నిలబడేట్టు లేదు. ఆ ఏదో ఏమిటో మాకందరికీ తెలుసు. శాకాహారపు ఇల్లు కాబట్టి ఎవరూ నోరు విప్పలేదు. ఆఖరికి మామే విప్పాడు.

"కుక్క మన కులం కాదు గదా" అన్నాడు, గోడవైపు చూస్తూ.

"గిన్నె మన కులమే గదా" అంది అత్త.

రాజీ కుదిరింది. వెనకవీధిలో మిషన్ స్కూలు టీచరమ్మ ఉండేది. మామ అంటే ఆమెకు గౌరవం. మైనరంటే ప్రేమ. ఆమె ఇంట్లో కోడిమాంసం కొవ్వు, తోలు తీసేసి, ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టి, పీచుపీచుగా తుంచి మెత్తటి అన్నంలో కలిపి ఇవ్వాలి. నేను మూతగిన్నెలో తెచ్చి దొడ్డిదారిన మైనరుకు పెట్టాలి. గిన్నె టీచరమ్మదే. దాన్ని దొడ్డి దాటించి ఇంట్లోకి తెచ్చే హక్కు లేదు. కొంచెం కొంచెంగా, వేళ తప్పకుండా ఇదే పెడుతూ వచ్చాం. చాప మీద మచ్చలు పోయాయి. మైనరు వీపు నున్నబడింది. మామ వాదాలు మధ్యాహ్నం దాటి సాయంత్రంలోకి సాగాయి. ఒక్కటే చిక్కు. కోమటి పిల్లవాడు రోజూ టీచరమ్మ ఇంటి నుంచి కండువా చాటున మూతగిన్నె తెస్తున్నాడన్న వార్త బస్సెక్కి యర్రగొండపాలెం చేరింది. మా నాయన పరుగున వచ్చి, దొడ్లో నిలబడి కుక్క తినడం కళ్లారా చూసి, "ఇంతకంటే నువ్వు తిన్నా బాగుండేదిరా, కనీసం మగపని" అని తిరుగుబస్సెక్కాడు.

ఇలా ఉండగా దోర్నాల పెద్దమ్మ కేసు విచారణకు వచ్చింది. (పెద్దమ్మ నాకు చుట్టం కాదు. పెద్దదోర్నాల నుంచి వచ్చే ఒక వితంతువు, అందరినీ నాయనా అని పిలిచేది, అందరం పెద్దమ్మా అనేవాళ్లం.) ఆమె మామగారు తన ఇద్దరు కొడుకులకూ కలిపి ఒక మోటబావి తవ్వించి పోయాడు. భర్త పోయాక మరిది ఆమెను బావి దగ్గరికి రానివ్వడం లేదు. మిరపతోట నిలువునా ఎండుతోంది. ఆ తోట పోతే ఆమె కూలికి పోవలసిందే. వాయిదా ముందురోజే వచ్చి మా అరుగు మీద పడుకుంది.

తెల్లవారి నేను మూతగిన్నెతో వచ్చేసరికి మైనరు నన్ను చూసి తోక ఊపలేదు. దొడ్డి గుమ్మం పక్కన విస్తరాకు, దానిలో నేతిబొబ్బట్టు ముక్క. తిన్నంత తిని మిగిలిన ముక్క. ఎవరో వేకువన వచ్చి మైనరుకు విందు చేసి పోయారు. పెద్దమ్మ ఆకును వాసన చూసింది.

"మా మరిది ఇంటి నెయ్యి ఇది. ఇంట్లో మనిషికి చుక్క వెయ్యడు, ఊళ్లో కుక్కకు బొబ్బట్లు పెట్టినాడు" అంది.

మామ మనసు విరిగితే వాదం విరుగుతుందని మరిది లెక్క. లెక్క ప్రకారమే కోర్టు వేళకు మైనరు నాలుగుసార్లు దొడ్లోకి పోయి వచ్చి, మామ కాళ్ల మీద తల పెట్టుకుని మూలుగుతోంది. మామ నల్లకోటు ఒక చేయి తొడుక్కుని రెండో చేయి మరిచిపోయి కూర్చున్నాడు. నా ఉద్యోగం ఊడినట్టేననుకున్నాను. పెద్దమ్మ మాత్రం ఆయన ఎదురుగా నిలబడింది.

"సామీ, నీ కుక్క బాధ నాకు తెలుస్తాంది. నేను గూడా గొడ్డూగోదా సాకినదాన్నే. అది రేపటికి లేస్తుంది. నా తోట రేపటికి లెయ్యదు."

మామ రెండో చేయి కూడా కోటులో పెట్టుకున్నాడు.

కోర్టులో అవతలి ప్లీడరు తన మాట ముగించి కూర్చున్నాడు. పంకావాడు గోడ చూసుకున్నాడు. మామ లేచాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "బావి ఈమె మామగారు తవ్వించినాడండి. పంపకాల కాగితంలో సగం సగం అని ఉంది. ఈమె వంతు రోజున మోట కట్టనివ్వడం లేదు" అని కూర్చున్నాడు. పంకావాడు ఉలిక్కిపడి లాగడం మొదలుపెట్టాడు. జడ్జిగారు కళ్లజోడు సర్దుకుని, "ఇంకా ఉందా" అని అడిగారు. అడిగిన గొంతులో భయం ఉంది.

"లేదండి. ఇంటి దగ్గర మైనరుకు ఒంట్లో బాగలేదు."

"అయ్యో, బిడ్డను చూసుకోండి ముందు" అన్నారు జడ్జిగారు. ఆ సాయంత్రమే తీర్పు పెద్దమ్మ పక్షాన వచ్చింది. మరిది ముఖం చూసి నాకు జాలి కూడా వేసింది. అంత నెయ్యి పోసి ఓడినవాడు ఆ కోర్టులో ఇంకెవడూ లేడు.

మైనరు పెద్దమ్మ చెప్పినట్టే మర్నాటికి లేచింది. మామ వాదాలు మళ్లీ భూమి పుట్టుకకు వెళ్లాయి. అసలు ఉపద్రవం అప్పుడు మొదలైంది. కక్షిదారులు తెలివితక్కువ వాళ్లు కారు. మైనరు బాగుంటే మామ మాట్లాడతాడు, మైనరు పడుకుంటే మామ గెలుస్తాడు అని అరుగు మీదే తేల్చుకున్నారు. అంతవరకు శత్రువుల నుంచి కాపాడిన కడుపును ఇక మిత్రుల నుంచి కాపాడవలసి వచ్చింది. ఒకడు జేబులో మినపసున్నుండ దాచుకొచ్చేవాడు. ఒకడు, ఇది ప్రసాదం కాదనకూడదు అని చేతి నిండా చక్కెరపొంగలి తెచ్చేవాడు. నేను గొడుగు పుచ్చుకుని గుమ్మంలో కాపలా ఉండేవాణ్ణి. ఒక ఉదయం పామూరు చింతపండు వ్యాపారి, మనిషి మంచివాడు, మా పాత కక్షిదారు, వేడివేడి మిరపకాయ బజ్జీల పొట్లంతో మైనరు ముందు వంగాడు. నేను గొడుగు అడ్డం పెట్టాను. మైనరు బజ్జీలవైపూ గొడుగువైపూ చూసింది. దానికి నా మీద ఏమాత్రం కృతజ్ఞత లేదు. పెనుగులాటలో పొట్లం చినిగింది. మామ బయటికి వచ్చాడు.

"ఏందయ్యా ఇది. నీ కేసు నేను చూస్తాంటే, నా కుక్కకు కారం పెడతావా?"

వ్యాపారి అబద్ధం ఆడదామని నోరు తెరిచాడు. జీవితంలో తూకంలో తప్ప ఎక్కడా అబద్ధం ఆడి ఎరగడు. చేతకాలేదు.

"తప్పుగా అనుకోవద్దు సామీ. తమరు తక్కువ మాట్లాడితే కేసు గెలుస్తాదని అందరూ అంటాండారు. తమరితో ఆ మాట చెప్పే ధైర్యం లేక దానితో చెప్పిద్దామని."

అరుగు మీద వాళ్లందరికీ ఒక్కసారిగా తమ కాగితాలు చదువుకోవలసిన అవసరం వచ్చింది. మామ లోపలికి పోయాడు. తలుపు చాటు నుంచి అత్త, "ఇన్నాళ్లకు ఒక మగోడు చెప్పినాడు" అనడం నాకు వినిపించింది. ఆయనకూ వినిపించే ఉంటుంది. ఆ రోజు భోజనం చేయలేదు. సాయంత్రం నన్ను పిలిచాడు. మైనరు తల ఆయన తొడ మీద ఉంది.

"నిజమేనా అల్లుడూ."

నేను నేల చూశాను. "మామా, మొదలు బాగుంటుంది. చివర గూడా బాగుంటుంది. ఆ మధ్యలో..."

"మధ్యలో?"

"మధ్యలో శానా ఉంటుంది మామా."

ఆయన కుక్క చెవులు నిమిరాడు. కోపం వస్తుందని చూశాను, రాలేదు. "నోరులేని దాని కడుపు చెడగొట్టేంత కష్టపెట్టినానా మీ అందరినీ" అన్నాడు. తర్వాత, "నా అంతట నేను ఆపుకోలేను. నువ్వు ఎనక కూర్చో. పొడుగైతే దగ్గు" అన్నాడు.

దగ్గాను. మొదట్లో ఒక కేసుకు ఇరవైసార్లు దగ్గేవాణ్ణి, పోనుపోను సగమైంది. మామ గెలవడం మొదలుపెట్టాడు. మైనరు తన మెత్తటన్నం, కోడిపీచు తింటూ నిశ్చింతగా ఉంది. జడ్జిగారు ఒకసారి నా మీద దయతలచి మిరియాల కషాయం చిట్కా చెప్పి పంపారు. అంతా బాగానే ఉందనుకుంటుండగా, గిద్దలూరు నుంచి నాకొక సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి కుర్రవాణ్ణి చాటుగా చూద్దామని చెప్పకుండా వచ్చి, కోర్టులో వెనక బల్ల మీద కూర్చున్నాడు. ఆ రోజు సరిహద్దు తగాదా. మామకు ఉత్సాహం ఎక్కువై భూమి పుట్టుక వైపు పరిగెత్తాడు. నేను పొద్దుగూకేదాకా దగ్గుతూనే ఉన్నాను. ఆ పెద్దమనిషి ఎవరికీ చెప్పకుండా రైలెక్కి, కుర్రవాడికి క్షయ, ఎక్కువకాలం ఉండడు అని కబురు పంపాడు.

మామ ఆగలేదు. మర్నాడే మైనరును వెంటబెట్టుకుని, టీచరమ్మ కట్టిచ్చిన గిన్నెతో సహా గిద్దలూరు వెళ్లాడు. (గిన్నె వాళ్ల వీధరుగు దాటలేదని తర్వాత ప్రమాణం చేశాడు.) నా దగ్గుకు కారణం చెప్పాలంటే తన వాదం సంగతి చెప్పాలి. అది చెప్పాలంటే మైనరు కడుపు సంగతి చెప్పాలి. అందుకని పాల దగ్గర మొదలుపెట్టాడట. పెరుగన్నం, డబల్ రొట్టె, టీచరమ్మ, నేతిబొబ్బట్టు, పామూరు బజ్జీలు, ఏదీ వదలలేదు. పక్కన దగ్గడానికి నేను లేను. దీపాలు పెట్టే వేళకు పిల్ల తండ్రి చేతులెత్తి దణ్ణం పెట్టి, "పిల్లనిస్తాను బావగారూ, ఇక మనం భోజనానికి లేద్దాం" అన్నాడట. తలుపు చాటున నిలబడి కథంతా విన్నది ఒక్క పెళ్లికూతురేనని, మధ్యలో రెండుసార్లు నవ్వు ఆపుకోలేకపోయిందని పెళ్లయ్యాక తెలిసింది.

మామ పోయి చాలా ఏళ్లయింది. మైనరు ఆయనకంటే ముందే, నిండుగా బతికి, ఒక మధ్యాహ్నం నిద్రలోనే వెళ్లిపోయింది. తర్వాత పరీక్షలు కట్టి నేనూ ప్లీడరునయ్యాను, మాట్లాడినంత మాట్లాడి ఇప్పుడు ఇంట్లో కూర్చున్నాను. ఎవరైనా పిల్లలు దొరికితే ఈ సంగతులు చెబుతుంటాను. క్లుప్తంగా చెప్పాలనే మొదలుపెడతాను. చేను గట్లు, మోటబావులు, ఆనాటి బస్సులు అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి. సరిగ్గా నాకు ఊపు వచ్చే చోట వంటింట్లోంచి మా ఆవిడ దగ్గుతుంది. ఆమె జలుబన్నది ఎరగదు.