తోలు చిరుగులో మాట

తుమ్మొస్తే చిరుగుల మాస్టారు మూడు గదులు దాటి వెళ్ళి తుమ్ముతారు. ఆయన బల్ల మీద ప్రాచీన యూదులు తోలు మీద రాసిన గ్రంథాల చుట్టల తునకలు గోరంతేసి ఉంటాయి మరి. ఒక చిరుగులో పోయిన మాట, తొలి క్రైస్తవుల ఉత్తరంలో కనిపించే "కృప" అనే మాటేనని నమ్మి, ముప్పై ఏళ్ళ కిందట తన నకలులో పెన్సిలుతో పూరించారు. ఆ చుట్టలకీ ఆ ఉత్తరానికీ చుట్టరికం కలుపుతూ ఆయన రాసిన పుస్తకమంతా ఆ ఒక్క మాట మీదే నిలబడింది. ఈరోజు ఆయనతోపాటు పనిచేసే కూతురు, కొత్తగా దొరికిన తునకను గబుక్కున కాగితం కింద దాచింది.

"ఏంటమ్మా అది?"

"ఏం లేదు నాన్నా, చెత్త."

"చెత్తకి దుప్పటి కప్పుతారా, పిచ్చితల్లీ?"

పట్టకారుతో ఆయనే దాన్ని చిరుగులో అమర్చారు. అంచులు అతికినట్టు కలిశాయి. తునక మీద ఉన్న మాట "తీర్పు". మాస్టారు రబ్బరు తీసుకుని నకలులో తన మాటను నెమ్మదిగా చెరిపేశారు.

"తప్పు నాదని నువ్వే రాయి తల్లీ," అన్నారు. పెన్సిలు ఆమె చేతిలో పెట్టారు.