గొడుగు తెరుచుకుంది

జెద్దాలో దిగేసరికి ఒళ్ళు ఉడికిపోయింది. మధ్యాహ్నం బస్సులో తాయిఫ్ కొండ ఎక్కించారు. పైన స్వెట్టర్ లేక వణికాను. ప్రయాణం అక్కడితో అయిపోయిందనుకున్నాను. అవలేదు. తాయిఫ్ తోటలన్నీ దాటించి, దక్షిణంగా ఇంకో నాలుగు గంటలు తీసుకెళ్ళి, ఒక రన్‌వే, కొన్ని హ్యాంగర్లు, చుట్టూ ఎర్రటి రాళ్ళు తప్ప ఇంకేమీ లేని చోట దింపారు. చెట్టు లేదు. పిట్ట లేదు. గాలి మాత్రం ఉంది. నేనున్న రెండేళ్ళూ అది ఆగలేదు.

మా కాకినాడలో అడుగుతూ ఉంటారు, "గల్ఫ్‌లో ఏం చేశావు బాబాయ్, డ్రైవింగా?" అని. పారాచూట్లు మడతపెట్టాను అంటే నవ్వుతారు. నవ్వుకోండి. మన వాయుసేనలో చేరిన రోజు నుంచి వారెంట్ ఆఫీసరుగా దిగిపోయే దాకా నేను చేసింది అదే. రిటైరయ్యాక కాంట్రాక్టు మీద ఆ గల్ఫ్ వాళ్ళ బేస్‌కి వెళ్ళినా అదే. భుజం మీద ర్యాంకు లేదు, మెడలో ఇకామా, అదే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, వేలాడేది, అంతే తేడా. ఆర్డర్లు అవే. సైరన్లు అవే. దక్షిణం సరిహద్దు అవతల యుద్ధం. విమానాలు అటు వెళ్ళేవి, వచ్చేవి. అందుకే దాన్ని నేను నౌకరీ అనను, డ్యూటీ అంటాను.

మా గదిలో ముగ్గురం. పారాచూట్లు నావి. పైలట్‌ని విమానంలోంచి పైకి విసిరేసే సీటు ఉంటుంది చూశారూ, అది సీటు ఫిట్టర్‌ది. పాకిస్తాన్ వాయుసేనలో పనిచేసి వచ్చినవాడు. నా ఈడువాడే. ఒకప్పుడు సరిహద్దుకి అటు వాడు, ఇటు నేను, ఒకళ్ళ విమానాలు ఒకళ్ళం కూల్చాలని చూసిన బాపతు. ఇక్కడ ఒకే కెటిల్‌లో టీ కాచుకునేవాళ్ళం. మూడోవాడు రేడియో మెకానిక్, కరీంనగర్ కుర్రాడు. కుర్రాడంటే ముప్పై అయిదు దాటినవాడే. పైలట్ల జాకెట్లలో పెట్టే చిన్న రేడియోలు వాడి బాధ్యత.

గది ఎప్పుడూ చల్లగా, పొడిగా ఉండాలి. మధ్యలో పొడవాటి బల్ల. దాని మీద పారాచూట్ గుడ్డ, మా మాటల్లో గొడుగు, పరిచి, తాళ్ళు దువ్వి, ఒక్కో పొర మీద ఇంకో పొర వేసి, మరతో నొక్కి నొక్కి, సీటు తల వెనక పెట్టె ఉంటుంది, దాంట్లోకి దించాలి. దిగాక అది చెక్క మొద్దులా గట్టిగా ఉంటుంది. మూసే ముందు కత్తెర, సూది, మడతకర్ర ఎదురుగా పెట్టుకుని చూసుకోవాలి. ఒక్కటి కనపడకపోయినా మొత్తం విప్పాల్సిందే. నా దగ్గర ఎవడైనా "పర్లేదులే సార్" అన్నాడంటే గదిలోంచి బయటికి తోలేసేవాణ్ణి. నోరు చెడ్డదని పేరొచ్చింది. వస్తే రానీ.

పైలట్లు పట్టీలు సరిచూపించుకోవడానికి వచ్చేవాళ్ళు. వాళ్ళలో ఒక నకీబ్ ఉండేవాడు. నకీబ్ అంటే కెప్టెన్. హాయిల్ వాడు. పొడుగు మనిషి, ఎన్నిసార్లు సర్దినా భుజం పట్టీ వాడికి కురచయ్యేది. ఇంగ్లీషు బాగా వచ్చు. నన్ను "యా అమ్మీ" అనేవాడు, బాబాయ్ అన్నట్టు. పట్టీ బిగిస్తున్నంతసేపూ కథలు అడిగేవాడు. నాకు తెలిసినవి చెప్పేవాణ్ణి.

"అంతరిక్షంలోకి మొట్టమొదట వెళ్ళినవాడున్నాడు కదా, భూమి చుట్టూ తిరిగొచ్చి చివరికి ఎలా దిగాడో తెలుసా? తన గోళంలోంచి బయటికి ఎగిరి, ఈ గుడ్డ కిందే, దున్నిన పొలంలో దిగాడు. కొన్నేళ్ళకి ఇంకొకాయన వెళ్ళాడు. ఆయన గోళానికి కట్టిన గొడుగు సరిగ్గా విచ్చుకోలేదు. నేలకి కొట్టుకుని పోయాడు."

"మొదటాయన గొడుగు కట్టింది ఎవరు?" అన్నాడు.

"ఎవరికి తెలుసు బాబూ? మా పేర్లు ఎవడు చెప్తాడు?"

"నేను దిగితే నీ పేరు చెప్తాను. మా నాన్న చేత గొర్రె కోయిస్తాను."

"నోర్ముయ్. విమానంతో పాటే రా," అన్నాను. పగలబడి నవ్వాడు.

ఆ గొర్రె మాట ఊరికే అనలేదు. ఆ బేస్‌లో అదొక ఆనవాయితీ. మన దగ్గర పారాచూట్‌తో ప్రాణాలు దక్కించుకున్న పైలట్ స్వీటు డబ్బా పట్టుకుని మా సెక్షన్‌కి వస్తాడు. వాళ్ళలో ఇంటి పెద్ద వస్తాడు. గొర్రెని కోయించి, అన్నం మీద పెట్టి తెచ్చి, గొడుగు కట్టినవాణ్ణి పక్కన కూచోబెట్టుకుని, తన చేత్తో తినిపిస్తాడు. నేను రాకముందు ఒకసారి జరిగిందట. సీటు ఫిట్టర్ ఆ భోజనం గురించి ఎంత చెప్పినా వాడికి తనివి తీరేది కాదు.

ఫిబ్రవరి నెల. తెల్లవారుజామున రెండు విమానాలు దక్షిణానికి వెళ్ళాయి. ఒకటే తిరిగొచ్చింది.

జతగా వెళ్ళిన పైలట్ నిచ్చెన దిగుతూనే చెప్పాడు. నకీబ్ విమానానికి దెబ్బ తగిలింది. సరిహద్దు కొండల మీద సీటు పేలి అతన్ని బయటికి విసిరింది. గొడుగు తెరుచుకుంది. కళ్ళారా చూశాడు. సీటు ఫిట్టర్ నన్ను కావిలించుకున్నాడు. "వారెంట్ సాబ్, ఖుల్ గయా! ఖుల్ గయా!" తెరుచుకుంది, తెరుచుకుంది అంటూ ఇద్దరం బల్ల చుట్టూ తిరిగాం. సంతోషం, ఇంకేం కాదు. మా పనిలో జీతమంతా ఆ ఒక్క మాటే.

పది గంటలకి రేడియో మెకానిక్ పరుగున వచ్చాడు.

"అన్నా, మాట్లాడిండు! పైన తిరిగే విమానానికి ఇనవడ్డదట. తొడ ఇరిగిందట. నీళ్ళున్నయట. మంచిగనే మాట్లాడిండట అన్నా!"

"హెలికాప్టర్ వెళ్ళిందా?"

"పోయి మళ్ళింది. దుమారం లేసింది. కొండ కనవడ్తలేదంట."

బయటికెళ్ళి చూశాను. దక్షిణం వైపు ఆకాశం ఇటుకరాయి రంగులో ఉంది. హ్యాంగరు తలుపులు దడదడలాడుతున్నాయి. ఇసుక పళ్ళ మధ్యకి వచ్చేస్తోంది. ఈ గాలి రోజూ ఉండేదే, ఆ రోజొక్కటి ఆగితే దాని సొమ్మేం పోయింది? నిలబడి బూతులు తిట్టాను. ఎవర్ని తిట్టానో నాకే తెలీదు.

మధ్యాహ్నం ఇంకోసారి వినిపించాడు. చలిగా ఉందన్నాడు. ఎండ వేళ చలేమిటి? మా ముగ్గురికీ అర్థమైంది. లోపల నెత్తురు పోతోంది. సాయంత్రం హెలికాప్టర్ మళ్ళీ లేచింది, మళ్ళీ వెనక్కి తిరిగింది.

ఈలోపు స్క్వాడ్రన్ నుంచి ఎవరో మంచి మనసుతో హాయిల్‌కి ఫోన్ చేశారు. గొడుగు తెరుచుకుంది, మాట్లాడాడు అని చెప్పారు. అబద్ధం కాదు. ఆ ముసలాయన అంతే విన్నాడు. పికప్‌లో గొర్రెని ఎక్కించుకుని అప్పటికప్పుడు బయల్దేరాడు. రాత్రంతా రోడ్డు మీదే. తాయిఫ్‌లో చుట్టాలింట్లో కోయించి, వండించి, పెద్ద పళ్ళేనికి వెండిరంగు కాగితం చుట్టి, మర్నాడు మధ్యాహ్నానికి మా గేటు దగ్గర దిగాడు.

అప్పటికి అరగంట ముందే రేడియో మెకానిక్ మా గదిలోకి వచ్చాడు. ఈసారి పరిగెత్తలేదు.

"దొరికిండన్నా."

"ఎలా ఉన్నాడు?"

తల అడ్డంగా ఊపాడు. "రాయికి ఒరిగి కూసున్నడట. పారాచూట్ మొత్తం కప్పుకున్నడట. ఒళ్ళు ఎప్పుడో సల్లవడ్డదట." అక్కడే గోడకి ఆనుకుని ఏడ్చాడు. వాడి రేడియో బాగానే పనిచేసింది. ఫిట్టర్ సీటు బాగానే పేలింది. నా గొడుగు బాగానే తెరుచుకుంది. ఎవరి పని వాళ్ళం సక్రమంగా చేశాం. మనిషి పోయాడు.

అరగంట తర్వాత డ్యూటీ ఆఫీసర్ వచ్చాడు. గేటు దగ్గర మజ్లిస్‌లో, అదే వచ్చినవాళ్ళు కూర్చునే హాల్లో, నకీబ్ తండ్రి ఉన్నాడని, పారాచూట్ కట్టిన మనిషిని అడుగుతున్నాడని చెప్పాడు.

"ఆయనకి తెలుసా సార్?"

"తెలీదు. ఆయనకి చెప్పాల్సింది బేస్ కమాండర్. శవాన్ని తీసుకుని దారిలో ఉన్నారు. వచ్చేదాకా ఒక్క మాట బయటికి రాకూడదు. వెళ్ళు, కూర్చో, పెట్టింది తిను. ఇది ఆర్డర్."

సర్వీసులో చాలా ఆర్డర్లు విన్నాను. బాంబులున్న విమానం కింద దూరమన్నారు, దూరాను. ఇది మాత్రం నా వల్ల కాదన్నాను. సీటు ఫిట్టర్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "చలో భాయ్ సాబ్. వెళ్ళకపోతే ఆయనకి వెంటనే తెలిసిపోతుంది." వాడికి అరబ్బీ బాగా వచ్చు, దుబాసీగా వచ్చాడు.

నన్ను చూడగానే ముసలాయన లేచాడు. బక్కపల్చటి మనిషి, తెల్లటి గెడ్డం, రాత్రంతా నడిపి ఎర్రబడ్డ కళ్ళు. నా రెండు చేతులూ పట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు. తర్వాత చెంబుతో నీళ్ళు వంపి తనే నా చేతులు కడిగాడు. నేను తల ఎత్తలేదు.

తివాచీ మీద పళ్ళెం చుట్టూ ముగ్గురం కూర్చున్నాం. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. ఫిట్టర్ నాకు ఉర్దూలో చెప్తున్నాడు. హాయిల్ బయట గోధుమ పొలాలు, నీళ్ళ గొట్టం గుండ్రంగా తిరిగి తడుపుతుంది కాబట్టి పై నుంచి చూస్తే పచ్చటి చక్రాల్లా ఉంటాయట. కొడుకు ట్రైనింగ్‌లో ఒకసారి వాటి మీదుగా ఎగిరి రెక్క వంచాడట. పనివాళ్ళంతా టోపీలు ఎగరేశారట. చెప్తూ చెప్తూ అన్నం నా వైపు తోశాడు.

ఫిట్టర్ ఉండబట్టలేక అడిగాడు. "షేక్, కొడుకు తిరిగొచ్చాక తెస్తారు కదా ఇది. మీరు ముందే తెచ్చారేం?"

"వాడు రావడం దేవుడి పని. దానికి ఇంకో గొర్రె ఉంది," అన్నాడు. "ఇది గొడుగు తెరుచుకున్నందుకు. అది ఈయన పని."

ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. మింగుడు పడలేదు. నీళ్ళు తాగి దించాను. రెండోది. మూడోది. నా పక్కన ఫిట్టర్ కూడా తింటున్నాడు. వాడి చెంపల మీద చెమట. ఆయన మొహంలో ఆ సంతోషం చూస్తూ కూర్చోవడం కన్నా నా నాలుక కోసేసినా బాగుండేది. ఎంత నీచంగా అనిపించిందో చెప్పలేను. ఆర్డరే కావచ్చు. తింటున్నది నేనే కదా.

బయట బండ్లు ఆగిన చప్పుడు. కమాండర్ లోపలికి వచ్చాడు. బూట్లు గుమ్మం దగ్గరే విడిచాడు, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ముసలాయన ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, నెమ్మదిగా రెండు వాక్యాలు చెప్పాడు. ఫిట్టర్ వాటిని నాకు చెప్పలేదు. అక్కర్లేదు కూడా.

ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి, చావు వార్త విన్నప్పుడు వాళ్ళు అనే మాట. కమాండర్ ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. ఆయనే కమాండర్ వీపు నిమిరాడు.

నేను పళ్ళెం ముందు నుంచి లేవబోయాను. ముసలాయన నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టి పట్టు, పొలం పని చేసే చెయ్యి. ఏదో అన్నాడు. ఫిట్టర్ చెప్పాడు:

"కూర్చోమంటున్నారు. నీకు ముందే తెలుసని లోపలికి వచ్చినప్పుడే గ్రహించారట. కొడుకు నేల మీద పోయాడు, గాలిలో పోలేదు, ఒక పగలంతా మాట్లాడాడు, ఆ పగలు నువ్వు ఇచ్చిందంటున్నారు. తినమంటున్నారు."

నాకు ఏడుపు ఆగలేదు. పెద్దగా, సిగ్గు లేకుండా, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆయన ఏడవలేదు.

కాంట్రాక్టు ముగిశాక ఖురూజ్, అంటే దేశం వదిలి వెళ్ళే ముద్ర, కొట్టించుకుని వచ్చేశాను. పొడిగిస్తామన్నారు, వద్దన్నాను. ఇప్పుడు కాకినాడలోనే ఉంటున్నాను. విమానం చప్పుడు వినిపిస్తే తల ఎత్తను. ఏదైనా జాగ్రత్తగా చేస్తే మంచే జరుగుతుందని పిల్లలకి చెప్పమంటారు స్కూళ్ళలో, మాజీ సైనికుడు కదా అని. వెళ్ళను. నాకు ఆ నమ్మకం లేదు. ఎంత జాగ్రత్తగా చేసినా అంతే.

పడుకున్నా, కూర్చున్నా నా కళ్ళ ముందు ఉండేది ఒక్కటే. కమాండర్ ఏడుస్తున్నాడు, గాలికి తలుపు కొట్టుకుంటోంది, కొడుకు శవం బయట బండిలో ఉంది. ఆ ముసలాయన తల వంచుకుని, వేళ్ళతో మాంసంలోంచి ఒక్కొక్క ఎముకా ఏరి పక్కన పెడుతూ, మెత్తటి ముక్కలన్నీ పళ్ళెంలో నా వైపు కుప్పగా చేరుస్తున్నాడు.